వారాసిగూడ, తార్నాక ప్రాంతాల్లో క్రీడారంగ వేతనాల చరిత్ర

సికింద్రాబాద్‌లోని వారాసిగూడ, సీతాఫల్‌మండి, తార్నాక ప్రాంతాలు ఉస్మానియా విశ్వవిద్యాలయానికీ రైల్వే కాలనీలకూ నడుమ పెరిగాయి. ఇక్కడి పిల్లలకు ఆడుకోవడానికి చోటు విశ్వవిద్యాలయ మైదానాల్లో దొరికింది. ఆడి బతకాలనుకున్న వాళ్లు మాత్రం రైల్వే వైపో పోలీసు శాఖ వైపో చూడాల్సి వచ్చింది. జంటనగరాల్లో క్రీడాకారుడి జీతం చాలాకాలం ఆట నుంచి రాలేదు. ఏదో ఒక శాఖ హాజరు పట్టీలో పేరుంటేనే నెల తిరిగేసరికి డబ్బు చేతికందేది. టికెట్లు, టీవీ హక్కులు అమ్ముకునే క్రీడా పరిశ్రమ వచ్చాక కొద్దిమంది తలరాత మారింది. మైదానాన్ని సిద్ధం చేసేవాళ్ల బతుకు, ఆట నేర్పేవాళ్లలో చాలామంది బతుకు ఆ మేరకు మారలేదు.

పోలీసు జట్టు

హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. 1950లో మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్ కూడా తెచ్చింది. ఆ ఆటగాళ్లు పోలీసు ఉద్యోగులు. వాళ్ల జీతం శాఖ ఇచ్చేదే తప్ప గెలిచిన కప్పుల నుంచి వచ్చేది కాదు. జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం ఉస్మానియా పట్టభద్రులు, వృత్తిరీత్యా బడిపంతులు. 1951, 1962 ఏషియన్ గేమ్స్‌లో భారత్‌కు స్వర్ణాలు తెచ్చిన శిక్షకుడు ఆయనే. 1963లో మరణించేదాకా దేశ జట్టు బాధ్యత ఆయనదే.

అప్పటి ఒలింపిక్ నియమాల ప్రకారం డబ్బు తీసుకుని ఆడినవాడు అనర్హుడు. అందుకే ఆటగాడికి ఉద్యోగం చూపించడం అందరికీ అనుకూలమైన దారి అయింది. కలకత్తా క్లబ్బులు హైదరాబాద్ ఆటగాళ్లను ఒక్కొక్కరినే తీసుకెళ్లాయి. అమ్ముగూడ కుర్రవాడు తులసీదాస్ బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌లో చేరారు. సాధనకు రావడానికి అద్దె సైకిల్ డబ్బులు కూడా లేకపోతే రహీం ఇచ్చారని ఆయన తర్వాత చెప్పుకున్నారు. 1956, 1960 ఒలింపిక్స్ ఆడి, 1962లో జకార్తా స్వర్ణం గెలిచిన ఆ ఆటగాడు అనారోగ్యం వల్ల 27 ఏళ్లు నిండే వేళకే బూట్లు విప్పేశారు. ఆటకు మాత్రమే డబ్బిచ్చే ఏర్పాటు ఉండి ఉంటే ఆ రోజుతోనే రాబడీ ఆగిపోయేది. ఆ రోజుల్లో ఉద్యోగం ఎందుకంత విలువైందో దీన్నిబట్టి తెలుస్తుంది.

రైల్వే కొలువు

రైల్వే ఉద్యోగుల ఆటలను చూసే సంస్థ 1928లోనే ఏర్పడింది. ఇప్పుడు దాన్ని రైల్వే స్పోర్ట్స్ ప్రమోషన్ బోర్డు అంటున్నారు. 1966 అక్టోబర్ 2న సికింద్రాబాద్ కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడ్డాక ఈ ప్రాంతంలో స్పోర్ట్స్ కోటా ఉద్యోగం ఇంటింటి ఆశ అయింది. పే స్కేలు ప్రకారం జీతం, క్వార్టరు, రైల్వే ఆసుపత్రి, పోటీలకు వెళ్లినా డ్యూటీ కిందే లెక్క. మోకాలు చెడినా ఉద్యోగం పోదు, ఆఫీసులో కుర్చీ ఉంటుంది. 2004 జనవరి 1 నుంచి చేరినవాళ్లకు పాత పింఛను వర్తించకపోయినా ఆ ఆశ తగ్గలేదు. చిక్కల్లా ఒక్కటే. కోటాకు పెద్ద పోటీల్లో చూపిన ప్రతిభ కావాలి. ఆ స్థాయికి చేరకముందే దెబ్బ తగిలిన పిల్లవాడికి ఏమీ రాదు. ఇన్నేళ్ల సాధనకు కూలి కట్టే పద్ధతి ఎక్కడా లేదు.

ఈ వ్యవస్థ తన మంచి ఫలితాన్ని తార్నాక దగ్గరే చూపించింది. పి.వి. రమణ, విజయ ఇద్దరూ వాలీబాల్ క్రీడాకారులు, రైల్వే ఉద్యోగులు. రమణ 1986 సియోల్ ఏషియన్ గేమ్స్‌లో కాంస్యం గెలిచిన జట్టు సభ్యులు, 2000లో అర్జున పురస్కారం పొందారు. వాళ్ల కుమార్తె సింధు బ్యాడ్మింటన్‌లో ఓనమాలు నేర్చింది రైల్వే సిగ్నల్ ఇంజనీరింగ్ శిక్షణ సంస్థ ఇరిసెట్ కోర్టుల్లో, మెహబూబ్ అలీ దగ్గర. తల్లిదండ్రులకు నెలనెలా వచ్చిన ప్రభుత్వ జీతమే ఆ సాధనకు తొలి పెట్టుబడి అనడం అతిశయోక్తి కాదు. సింధు 2013లో భారత్ పెట్రోలియంలో చేరారు. రియో రజతం తర్వాత, 2017లో, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చట్టాన్ని సవరించి మరీ డిప్యూటీ కలెక్టర్ పదవి ఇచ్చింది. 2018లో ఫోర్బ్స్ పత్రిక ఆమె ఏడాది రాబడిని 85 లక్షల డాలర్లుగా లెక్కగట్టింది. అందులో ఆడి గెలిచిన బహుమతి సొమ్ము 5 లక్షల డాలర్లే, మిగిలిందంతా ప్రకటనలది.

మహిళా క్రికెట్‌లో చాలాకాలం రైల్వే జీతం లేకపోతే ఆటే ఉండేది కాదు. సికింద్రాబాద్‌లో పెరిగి దక్షిణ మధ్య రైల్వేలో పనిచేసిన మిథాలీ రాజ్ 2005లో భారత్‌ను ప్రపంచకప్ ఫైనల్‌కు నడిపించారు. అప్పుడు మ్యాచ్‌కు 1,000 రూపాయలు ముట్టాయని ఆమె తర్వాత చెప్పారు. 2006లో మహిళా క్రికెట్ బీసీసీఐ కిందికి వచ్చింది. వార్షిక కాంట్రాక్టులు 2015లో మొదలయ్యాయి. 2022 అక్టోబర్ 27న పురుషులతో సమానంగా టెస్టుకు 15 లక్షలు, వన్డేకు 6 లక్షలు, టీ20కి 3 లక్షలు ప్రకటించారు. మిథాలీ అదే ఏడాది జూన్‌లో రిటైరయ్యారు. దారి వేసినవాళ్లకు ఆ దారి మీద నడిచే వీలు దక్కకపోవడం బాధాకరం. సమానమైందీ మ్యాచ్ ఫీజు ఒక్కటే. ఆ ప్రకటన నాటికి వార్షిక కాంట్రాక్టుల్లో మహిళల పై గ్రేడుకు 50 లక్షలు, పురుషుల పై గ్రేడుకు 7 కోట్లు.

వేలం కాలం

2008లో ఐపీఎల్ మొదలైనప్పుడు డెక్కన్ ఛార్జర్స్ ఆండ్రూ సైమండ్స్‌కు 13.5 లక్షల డాలర్లు పెట్టింది. ఆటోడ్రైవర్ కుమారుడు మొహమ్మద్ సిరాజ్‌ను 2017లో సన్‌రైజర్స్ 2.6 కోట్లకు తీసుకుంది. 2024 నవంబర్ వేలంలో గుజరాత్ టైటన్స్ 12.25 కోట్లు ఇచ్చింది. ఆ వేలానికి నెల ముందే తెలంగాణ ప్రభుత్వం సిరాజ్‌కు డీఎస్పీ ఉద్యోగం ఇచ్చింది. బాక్సర్ నిఖత్ జరీన్‌కు కూడా అదే హోదా దక్కింది. రహీం కాలపు పోలీసు కొలువు ఇప్పటికీ గౌరవానికి కొలమానంగా నిలిచే ఉంది.

క్లబ్ జీతం ఎంత నిలకడలేనిదో ఫుట్‌బాల్ చెబుతుంది. 2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. రెండేళ్లు తిరగకముందే జీతాల బకాయిలతో ఆటగాళ్లు వెళ్లిపోయారు, ఫిఫా కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా నిషేధం పెట్టింది. 2025లో ఆ క్లబ్ ఢిల్లీకి తరలింది. పోలీసు జట్టు ఆటగాళ్లకు జీతం తక్కువే అయినా ఒకటో తారీఖు భయం ఉండేది కాదు.

గ్రౌండ్స్‌మెన్, కోచ్‌లు

తార్నాకకు దగ్గర్లోని ఉప్పల్ స్టేడియంలో 2005 నుంచి అంతర్జాతీయ మ్యాచ్‌లు జరుగుతున్నాయి. పిచ్ తడిపి, రోలరు తిప్పి, వాన పడితే కవర్లు లాగే గ్రౌండ్స్‌మెన్ గురించి వార్తల్లో కనిపించేది ఎవరో ఇనాం ఇచ్చినప్పుడే. 2023 సెప్టెంబర్ 17న కొలంబోలో ఆసియా కప్ ఫైనల్ గెలిపించిన సిరాజ్, తనకొచ్చిన 5,000 డాలర్లను అక్కడి గ్రౌండ్ సిబ్బందికి ఇచ్చేశారు. 2024 ఐపీఎల్ ముగిశాక ఉప్పల్ సహా పది ప్రధాన వేదికల సిబ్బందికి 25 లక్షల చొప్పున బీసీసీఐ ప్రకటించింది. ఇవి ఆనందించాల్సిన సంగతులే. అయితే ఇనాం ఎంత పెద్దదైనా దానిమీద పీఎఫ్ జమకాదు, మరుసటి ఏడు వస్తుందన్న హామీ లేదు.

కోచ్‌ల మధ్య తేడా ఇంకా ఎక్కువ. సర్కారు స్కేలులో ఉన్నవాళ్లు కొందరే. జీహెచ్‌ఎంసీ వేసవి శిబిరాల్లాంటి చోట్ల తాత్కాలికంగా పనిచేసేవాళ్లకు గౌరవ వేతనం ఇస్తారు, శిబిరం ముగిస్తే అదీ ముగుస్తుంది. 2024 పారాలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన దీప్తి జీవాంజికి తెలంగాణ ప్రభుత్వం కోటి రూపాయలు, గ్రూప్-2 ఉద్యోగం, వరంగల్‌లో 500 గజాల స్థలం ప్రకటించింది. కోచ్ నాగపురి రమేష్‌కు 10 లక్షలు. దీప్తికి దక్కింది న్యాయమే, కానీ ఆ నిష్పత్తి ఆలోచించదగ్గది.

2002 జాతీయ క్రీడల కోసం ఉస్మానియాలో సైక్లింగ్ వెలోడ్రోమ్ కట్టారు. కట్టడానికి నిధులు ఒక్కసారి వస్తే సరిపోతుంది, కాపాడే మనుషుల జీతం ఏటా రావాలి. ఆ రెండో ఖర్చు విషయంలో ప్రభుత్వాలు చూపిన అశ్రద్ధ ఆ ట్రాక్ మీద కనిపించింది.

చట్టాలు

1948 కనీస వేతనాల చట్టం షెడ్యూలులో చేర్చిన పనులకే వర్తించేది. జిమ్ ట్రైనర్, షటిల్ కోర్టు కాపలాదారు, బాక్స్ క్రికెట్ టర్ఫ్ కుర్రవాడు వంటి కొత్త పనివాళ్లు ఏ పద్దులోకి వస్తారన్నది తేలడమే కష్టమయ్యేది. ఈఎస్ఐకి పదిమంది, పీఎఫ్‌కు ఇరవైమంది సిబ్బంది ఉండాలన్న నియమం వల్ల చిన్న జిమ్‌లు వాటి బయటే ఉండిపోయాయి. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి తెచ్చిన 2019 వేతనాల కోడ్ షెడ్యూలు పద్ధతిని తీసేసి, కనీస వేతనాన్ని ఉద్యోగులందరి హక్కుగా చేసింది. దీని ప్రకారం నెల జీతం మరుసటి నెల ఏడో తేదీలోగా ఇవ్వాలి. పని మానేసినా, మాన్పించినా, బకాయి మొత్తం రెండు పనిదినాల్లో చెల్లించాలి.