కట్లపాము విప్పిన చిక్కుముడి

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పల్లెల్లో కట్లపాము కాటు చూసినవాళ్లకు దాని తీరు తెలుసు. కాటు పడ్డచోట నొప్పీ వాపూ పెద్దగా ఉండవు. కాసేపటికి కనురెప్పలు వాలతాయి, మాట ముద్దవుతుంది, మింగుడు పడదు, చివరికి ఊపిరి అందదు. ఏ పామూ కరవకుండానే ఈ లక్షణాలు మెల్లమెల్లగా తెచ్చే జబ్బు ఒకటుంది. దాని పేరు మయస్థీనియా గ్రేవిస్. ఊళ్లలో అన్నిటినీ కలిపి ‘నరాల బలహీనత’ అనేస్తారు, బలం ఇంజెక్షన్లతో నెలలు గడిచిపోతాయి. నిజానికి ఇందులో నరం బాగానే ఉంటుంది. కండరమూ బాగానే ఉంటుంది. రెండూ కలిసే చోటే దెబ్బ తింటుంది.

ఈ సంగతి తేలడానికి మూడు వందల ఏళ్లు పట్టింది. కాసేపు గబగబా మాట్లాడితే చాలు, గొంతు పడిపోయే ఒక స్త్రీ గురించి ఇంగ్లండు వైద్యుడు థామస్ విల్లిస్ 1672లోనే రాశాడు. ఆ తర్వాత రెండు శతాబ్దాలు దాన్ని పట్టించుకున్నవాళ్లు లేరు. 1895లో బెర్లిన్‌లో ఫ్రీడ్రిక్ యోలీ పేరు పెట్టాడు గానీ, మందు మాత్రం దొరకలేదు.

మందు దొరికింది 1934లో. గ్రీనిచ్ ఆసుపత్రిలో పనిచేసే మేరీ వాకర్‌కు ఈ జబ్బు అచ్చం కండరాలను చచ్చుబరిచే క్యురారే విషం ఎక్కినట్టే ఉందనిపించింది. అయితే ఆ విషానికి విరుగుడైన ఫైసోస్టిగ్మిన్ దీనికీ పనిచేయాలి కదా! ఇంజెక్షన్ ఇచ్చింది, వాలిన రెప్ప లేచింది. ఈ చరిత్ర మొత్తంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇదే.

నరం కండరానికి సంకేతంగా పంపే ఎసిటైల్‌కోలిన్‌ను ఒక ఎంజైము వెంటవెంటనే విరగ్గొడుతుంది. ఫైసోస్టిగ్మిన్ లాంటి మందు ఆ ఎంజైమును కొంత అడ్డుకుంటుంది. మన పత్తి, మిరప చేలల్లో కొట్టే కొన్ని పురుగుమందులు అడ్డుకునేదీ ఆ ఎంజైమునే, కాకపోతే హద్దు లేకుండా. అందుకే ఈ కోవకే చెందిన పిరిడోస్టిగ్మిన్ మాత్రలు మోతాదు మించితే నోట్లో నీళ్లూరి, బలహీనత తిరగబెడుతుంది.

శరీరం తన రక్షణ బలగంతో తన మీదే దాడి చేసుకుంటోందని 1960లో జాన్ సింప్సన్ ఊహించాడు. ఆ ఊహను రుజువు వైపు నడిపింది కట్లపామే. తైవాన్ కట్లపాము విషం నుంచి చాంగ్, లీ 1963లో వేరుచేసిన బంగారోటాక్సిన్ కండరం మీద ఎసిటైల్‌కోలిన్‌ను అందుకునే గ్రాహకాలను పట్టుకుంటే ఇక వదలదు. దాని సాయంతో లెక్కిస్తే రోగుల్లో ఆ గ్రాహకాలు బాగా తగ్గిపోయాయని 1973లో తేలింది. విద్యుత్ ఈల్ చేప గ్రాహకాలను ఎక్కించిన కుందేళ్ల శరీరం గ్రాహకాలపై దాడికి దిగి, అవి నీరసపడిపోయిందీ ఆ ఏడాదే. ఆ రక్షణ బలగానికి శిక్షణనిచ్చే థైమస్ గ్రంథి తీసేస్తే మేలని 1930లలోనే ఆల్ఫ్రెడ్ బ్లాలక్ చూపినా, గట్టి పరీక్షతో రుజువైంది 2016లో.

ఇక మన ప్రాంతానికి వస్తే, సూర్యాపేటలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ 2019లో వచ్చింది. కానీ ఈ జబ్బు ఉందేమోనని అనుమానం రావడానికైతే పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. పొద్దున తెరుచుకున్న రెప్ప సాయంత్రానికి వాలుతోందా అని అడగాలి. గుడ్డలో చుట్టిన ఐసుముక్కను రెండు నిమిషాలు ఆ రెప్ప మీద ఉంచి, తీసి చూడాలి. అది లేచిందంటే న్యూరాలజిస్టు దగ్గరికి పంపాల్సిందే. ఇక జబ్బు తేలినవాళ్లు జ్వరానికి ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్లినా ముందు ఆ పేరు చెప్పాలి. జెంటామైసిన్ లాంటి మామూలు ఇంజెక్షను కూడా వాళ్ల ఊపిరి మీదికి తేగలదు.