ఊపిరితిత్తులు ఎంఆర్‌ఐకి ఎందుకు చిక్కవు?

మెదడుకు ఎంఆర్‌ఐ, మోకాలికి ఎంఆర్‌ఐ, వెన్నెముకకు ఎంఆర్‌ఐ. ఊపిరితిత్తుల దగ్గరకు వచ్చేసరికి మాత్రం డాక్టర్లు సీటీ స్కాన్ రాస్తారు. సీటీ అంటే ఎక్స్‌రే కిరణాలే. పెద్దవాళ్లు అవసరమై ఒకసారి తీయించుకుంటే పెద్దగా భయపడాల్సింది లేదు. సిస్టిక్ ఫైబ్రోసిస్ లాంటి జబ్బుతో పుట్టి, ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ స్కాన్ తీయించుకోవాల్సిన పిల్లల సంగతి వేరు. ప్రతి స్కాన్‌తో వాళ్ల ఒంటికి తగిలే రేడియేషన్ లెక్క పెరుగుతూ పోతుంది. ఆ రేడియేషన్ లేని ఎంఆర్‌ఐతో ఊపిరితిత్తులను చూడాలన్న పట్టుదలకు ముఖ్య కారణం ఇదే.

ఈ కథలో కోల్‌కతాకు ఒక పాత వాటా ఉంది. మేఘనాద్ సాహా అక్కడ నెలకొల్పిన ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ న్యూక్లియర్ ఫిజిక్స్‌ను 1950 జనవరిలో ఐరీన్ జోలియో క్యూరీ ప్రారంభించారు. సాహా మరణం తర్వాత దానికి ఆయన పేరే పెట్టారు. అదే 1950లో అమెరికాలో ఎర్విన్ హాన్ ‘స్పిన్ ఎకో’ ప్రయోగాన్ని ప్రకటించాడు. నాలుగేళ్లకు ఆ కోల్‌కతా సంస్థకు చెందిన తారాప్రసాద్ దాస్, మేఘనాద్ సాహా కుమారుడు అజిత్ కుమార్ సాహా కలిసి ఆ ప్రయోగానికి గణిత విశ్లేషణ చేసి ‘ఫిజికల్ రివ్యూ’లో ప్రచురించారు. ఎంఆర్‌ఐ యంత్రం అన్న మాట పుట్టడానికి చాలా ముందు సంగతి ఇది.

స్పిన్ ఎకో అర్థమైతే ఊపిరితిత్తుల చిక్కు సగం అర్థమైనట్టే. ఒంట్లోని నీటిలో ఉండే హైడ్రోజన్ ప్రోటాన్లు అయస్కాంతంలో ఒకే లయలో తిరుగుతూ రేడియో సంకేతం ఇస్తాయి. అయస్కాంత క్షేత్రం అంతటా ఒకేలా లేకపోతే కొన్ని వేగంగా, కొన్ని నెమ్మదిగా తిరుగుతాయి. కోలాటంలో తాళం తప్పినట్టు లయ చెదిరి సంకేతం ఆరిపోతుంది. మధ్యలో మరో రేడియో పల్స్ ఇస్తే ముందున్నవి వెనక్కి, వెనకున్నవి ముందుకు పడి, కాసేపటికి అన్నీ మళ్లీ ఒక్కచోట కలుస్తాయి. ఆరిపోయిన సంకేతం ప్రతిధ్వనిలా తిరిగొస్తుంది.

ఊపిరితిత్తుల్లో ఈ కిటుకు కొంతవరకే పనిచేస్తుంది. మొదటి కారణం, అక్కడ నీరే తక్కువ. గాలి నిండిన ఊపిరితిత్తి సాంద్రత మిగతా కండరాలతో పోలిస్తే ఐదో వంతుకు అటూఇటూ ఉంటుంది. రెండోది, కోట్ల కొద్దీ వాయుగోణులు. గాలి, కణజాలం అయస్కాంతానికి ఒకేలా స్పందించవు కాబట్టి ప్రతి వాయుగోణి గోడ దగ్గరా క్షేత్రం కాస్త వంకరపోతుంది. 1.5 టెస్లా యంత్రంలో సంకేతం ఒకటి రెండు మిల్లీసెకన్లలో ఆరిపోతుంది. మామూలు స్కాన్ వినడం మొదలుపెట్టేసరికే అంతా అయిపోతుంది. ఎకోతో దాన్ని వెనక్కి రప్పిద్దామంటే రక్తం పారుతూ, గుండె కొట్టుకుంటూ, రొమ్ము ఎగసిపడుతూ ఉంటాయి. కదిలిపోయిన ప్రోటాన్లు మళ్లీ ఒక్కచోట కలవవు.

అందుకే పరిశోధకులు ముందుగా వినే సమయాన్ని కుదించారు. పల్స్ ఆగిన 0.1 మిల్లీసెకన్ లోపే సంకేతాన్ని అందుకునే పద్ధతులు వచ్చాయి. ఇవి సమాచారాన్ని కేంద్రం నుంచి బయటికి, చక్రం ఆకుల్లా సేకరిస్తాయి. 1973లో పాల్ లాటర్‌బర్ తొలి చిత్రం తీసినప్పుడు వాడింది కూడా ఇలా వేర్వేరు కోణాల నుంచి చూసే పద్ధతే. మధ్యలో పక్కనపడ్డ దారి మళ్లీ పనికొచ్చింది. దీనిలో ఇంకో సుఖం ఏమిటంటే, ఊపిరి బిగబట్టలేని పిల్లవాణ్ని మామూలుగానే శ్వాసించమని, కదలికలను తర్వాత కంప్యూటర్‌లో వేరుచేయవచ్చు.

రెండో దారి వింటే విడ్డూరంగా ఉంటుంది: అయస్కాంతాన్ని బలహీనం చేయడం. ఎంఆర్‌ఐలో ఎక్కువ టెస్లాలంటే మెరుగైన చిత్రమనే అందరి నమ్మకం. కానీ వాయుగోణి గోడల దగ్గరి వంకర కూడా క్షేత్రబలంతోనే పెరుగుతుంది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులు ఒక 1.5 టెస్లా యంత్రాన్ని 0.55 టెస్లాకు తగ్గించి, ఊపిరితిత్తులు మెరుగ్గా కనిపిస్తాయని 2019లో చూపించారు. తగ్గిన సంకేతాన్ని ఎక్కువసేపు వినే వెసులుబాటు కొంత పూడ్చింది.

మూడోది ఖరీదైన దారి. కణజాలాన్ని వదిలేసి గాలినే చూడటం. లేజర్‌తో కేంద్రకాలను ఒకే దిశకు తిప్పిన జినాన్-129 వాయువుతో ఎలుక ఊపిరితిత్తుల చిత్రాలను 1994లో తీశారు. మొదట్లో హీలియం-3 ముందుండేది. అది ట్రిషియం క్షయం నుంచి రావాలి, దొరకడం గగనమైంది. జినాన్‌కు మరో గుణం ఉంది. అది రక్తంలో కరుగుతుంది, ఎర్ర కణాల్లోకి చేరాక దాని పౌనఃపున్యం మారుతుంది. అంటే గాలి ఎక్కడిదాకా వెళ్లిందన్నదే కాదు, రక్తంలోకి దిగిందా లేదా అన్నదీ తెలుస్తుంది. కోవిడ్ తగ్గాక సీటీ దాదాపు మామూలుగా ఉన్నా ఆయాసం వదలని కొందరిలో లోపాన్ని బ్రిటన్ పరిశోధకులు ఇలాగే పట్టుకున్నారు. 2022 డిసెంబర్‌లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 12 ఏళ్లు దాటినవారికి దీన్ని అనుమతించింది. అయితే వాయువును సిద్ధంచేసే పరికరం, జినాన్‌ను వినే కాయిల్, స్కానర్‌లో అదనపు హార్డ్‌వేర్ అన్నీ కొనాలి.

మన దగ్గర ఏది సాధ్యం? సమీర్ నాయకత్వంలో సాగిన స్వదేశీ ఎంఆర్‌ఐ ప్రాజెక్టులో కోల్‌కతా సీ-డాక్ కూడా భాగస్వామి. అక్కడ ఎంచుకున్నది 1.5 టెస్లా. అన్ని అవయవాలకూ పనికొచ్చే యంత్రం కావాలంటే అది సబబే. ఊపిరితిత్తుల కోణంలో చూస్తే, చవకగా నడిచే తక్కువ క్షేత్రపు యంత్రం జిల్లా ఆసుపత్రికి ఎక్కువ అక్కరకొస్తుందని నా అభిప్రాయం. అంతకన్నా ముందు, ఇప్పటికే ఉన్న యంత్రాల్లో చాలావాటిలో త్వరగా వినే పద్ధతులు వాడవచ్చు. దానికి ప్రధానంగా కావాల్సింది సాఫ్ట్‌వేర్, వాటిని చదవడం నేర్చిన రేడియాలజిస్టు.

హద్దులూ చెప్పాలి. క్షయ రోగిలో గడ్డకట్టిన భాగాలు, పెద్ద పుళ్లు, ఉబ్బిన లింఫు గ్రంథులు, చేరిన నీరు ఎంఆర్‌ఐలో బాగానే తెలుస్తాయి. నాలుగైదు మిల్లీమీటర్ల లోపు గడ్డలు, సున్నం పేరుకున్న మచ్చలు, సన్నని శ్వాసనాళాల గోడల విషయంలో సీటీదే ఇప్పటికీ పైచేయి. మొదటి పరీక్షకు సీటీ, ఆ తర్వాతి ఏళ్ల పరిశీలనకు ఎంఆర్‌ఐ అన్న పంపకం కొన్ని ఆసుపత్రుల్లో మొదలైంది అందుకే.