బెంచీలు మోసినవాళ్ళ కబుర్లు

కూర్చో నాయనా. ఆ ఫోను అలా పక్కన పెట్టు, దానికేం కాళ్ళు రావు. మీ కాలేజీ లైబ్రరీకి రచయితని పిలిచి సభ పెడితే పట్టుమని పదిమంది రాలేదని మొహం వేలాడేసుకున్నావట, మీ అమ్మ చెప్పింది. అందుకే ఈ పాత ముచ్చట ఎత్తుకుంటున్నాను. గబగబా తేల్చెయ్యమని మాత్రం అడక్కు. నెమ్మదిగా చెబితేగాని నాకు వరస రాదు, నీకు ఒంటబట్టదు.

నేను బి.ఏ. చదివింది 1960 ప్రాంతంలో. మాది కృష్ణా కాలువ పక్కన చిన్న ఊరు. కాలేజీ వచ్చి అప్పటికి ఎన్నో ఏళ్ళు కాలేదు. లైబ్రరీ అంటే ఒక పొడుగాటి గది, గోడల వారంట అద్దాల బీరువాలు, ప్రతి బీరువాకీ తాళం. పుస్తకం కావాలంటే కేటలాగులో నంబరు వెతుక్కుని, చీటీ రాసిచ్చి, కిటికీ దగ్గర నిలబడాలి. అటెండరుకి తీరికైతే పుస్తకం వచ్చేది. లేకపోతే “బయటికి వెళ్ళిందమ్మా” అనేవాడు. ఆ పుస్తకమేమో అద్దంలోంచి మనకి కనపడుతూనే ఉండేది!

పాపం, లైబ్రేరియన్‌గారిని అనడానికి లేదు. పుస్తకం పరాయి చేతికి వెళ్తే వెళ్ళినట్టేనని పెద్దల మాట. అలా వెళ్ళిందాని ఖరీదు ఆయన జీతంలోంచి పట్టుకునేవారు. నలుగురు పిల్లలున్న మనిషి తాళం వెయ్యక ఏం చేస్తాడు? మద్రాసు యూనివర్సిటీ లైబ్రరీ నడిపిన రంగనాథన్‌గారు 1931లోనే గ్రంథాలయానికి అయిదు సూత్రాలు రాసి పుస్తకం వేశారు. పుస్తకాలున్నది వాడుకోవడానికేనన్నది వాటిలో మొదటిది. ఆయన అంతకుముందు లెక్కల మాస్టారు. అయిదు ముక్కల్లో అంత సంగతి ఇమడ్చడం అందుకే కుదిరిందేమో. ఆ మాట మా ఊరు చేరడానికి మాత్రం ముప్ఫై ఏళ్ళు పట్టింది.

దాన్ని చేర్చింది మా తెలుగు మాస్టారు. లైబ్రరీకి మిత్రమండలి ఒకటి పెడదామన్నారు. కాలేజీవాళ్ళే కాదు, ఊళ్ళో చదువు మీద ఇష్టమున్న ఎవరైనా చేరొచ్చు. పోయిన పుస్తకానికి మండలే పూచీ. చందా నెలకి పావలా. పావలాయే ఎందుకో తెలుసా? అణాలు పోయి 1957లో నయాపైసలు వచ్చాయి గదా, కాఫీ హోటల్లో రోజూ అదే తగువు. రెండణాలంటే పన్నెండున్నర నయాపైసలు కావాలి, అర నయాపైస ఎక్కడ తెస్తాం? పన్నెండిస్తే హోటలాయన మూతి ముడుచుకునేవాడు, పదమూడడిగితే తాగినవాడు లేచి నిలబడేవాడు. పావలా ఒక్కటే పాతికకి పాతిక, పేచీ లేకుండా సరిపోయేది. మా మాస్టారు లోకం తెలిసిన మనిషి.

ఎవరెవరు చేరారంటావా? మందుల షాపు ఆయన, ఒక ప్లీడరు గుమాస్తా, రిటైరైన పోస్టుమాస్టరు, బజారు చివర కుట్టుమిషను పెట్టుకున్న దర్జీ, మేం కొందరు విద్యార్థులం. ఆదివారం పొద్దున్నే లైబ్రరీలో చేరేవాళ్ళం. మైదా పిండి జిగురు కాచి, పురుగు పట్టకుండా అందులో ఇంత మైలుతుత్తం కలిపి, అట్టలు ఊడిన పుస్తకాలకి బైండింగు చేసేవాళ్ళం. బీరువాల్లో వేపాకు, కలరా ఉండలు పెట్టేవాళ్ళం. దర్జీగారు తెగిన కుట్లు వేస్తుంటే నోరు తెరుచుకుని చూసేదాన్ని. ఆయన సూది పడిన పుస్తకం మళ్ళీ ఊడింది లేదు. అలా ఒక్కో బీరువా బాగుపడేకొద్దీ ఒక్కో తాళం తియ్యడానికి లైబ్రేరియన్‌గారికి ధైర్యం వచ్చింది.

ఈ పద్ధతి మా ఊళ్ళోనే పుట్టిందనుకునేవు. కాదు నాయనా, దీని వెనక పెద్ద కథే ఉంది. 1914 ఏప్రిల్‌లో బెజవాడ రామమోహన గ్రంథాలయంలో ఊరూరి నుంచి గ్రంథాలయాలవాళ్ళు చేరి ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పెట్టుకున్నారు. దాని వెనక తిరిగిన మనిషి అయ్యంకి వెంకటరమణయ్యగారు, ఆ సభకి అధ్యక్షులు చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు. చూపు కరువైన మనిషి పుస్తకాల సభకి పెద్దగా కూర్చున్నాడంటే ఆ రోజుల ఉత్సాహం ఎలాంటిదో ఊహించుకో. వేటపాలెంలో 1918లో కుర్రవాళ్ళు మొదలుపెట్టిందే సారస్వత నికేతనం. గాంధీగారు 1929లో అక్కడికి వచ్చారు, ఆయన చేతికర్ర ఇప్పటికీ అక్కడ భద్రంగా ఉంది. మా గుంటూరు జిల్లా కాలువల మీద 1935లో పాతూరి నాగభూషణంగారు పడవలో పుస్తకాలు పెట్టి తిప్పారు. అప్పట్లో బస్సులెక్కడివి? జనం పడవల్లోనే పోయేవారు. గంటల తరబడి కూర్చున్నవాడికి చేతిలో పుస్తకం పెడితే చదవక ఎక్కడికి పోతాడు?

తెలంగాణ వైపు ఇంకో రకం కష్టం. హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం 1901లోనే పుట్టింది. కొమర్రాజు లక్ష్మణరావుగారు, రావిచెట్టు రంగారావుగారు, మునగాల రాజావారు దానికి పెద్దదిక్కు. నిజాం రాజ్యంలో గస్తీ నిషాన్ 53 అని ఒక హుకుం ఉండేది. సర్కారు అనుమతి లేనిదే సభ జరపకూడదు. అలాంటి రోజుల్లో నలుగురు తెలుగువాళ్ళు ఒకచోట కూర్చుని తెలుగులో మాట్లాడుకోవడానికి పఠనాలయమే చోటు. నీకు సభకి అనుమతి సులువుగా దొరికింది, మైకు దొరికింది, హాలు దొరికింది. వాళ్ళకి అవేవీ లేకపోయినా జనం ఉన్నారు. ఇది గుర్తుపెట్టుకో, తర్వాత పని ఉంది.

ఇంతకీ ఎక్కడున్నాం? ఆ, మిత్రమండలి. బీరువాలు బాగుపడ్డాయి, ఇక రచయితల్ని పిలుద్దామన్నారు మాస్టారు. ఇల్లు అలకగానే పండగ అవుతుందా? ముందు కార్డు రాయాలి. కార్డు అయిదు నయాపైసలు. అడగనిదే అమ్మైనా పెట్టదని మాస్టారు పేరున్నవాళ్ళకీ లేనివాళ్ళకీ రాయించేవారు. నా దస్తూరీ బాగుంటుందని ఆ పని నాకు అప్పజెప్పారు. జవాబు వచ్చాక రైలు మూడో తరగతి టికెట్టుకి డబ్బులు పోగెయ్యాలి. పెద్ద రచయితలు కూడా అందులోనే వచ్చేవారు, వచ్చి ఏ మాస్టారింట్లోనో చాప మీద పడుకునేవారు. పిండికొద్దీ రొట్టె అని వాళ్ళకీ తెలుసు. ఆవకాయా, ముద్దపప్పూ పెడితే చాలు, సంతోషంగా ఉపన్యాసం ఇచ్చి వెళ్ళేవారు.

ఆహ్వానపత్రం దగ్గర మాత్రం పెద్ద గొడవ. ఎవరి పేరు ముందు వెయ్యాలి? చందా ఎక్కువ ఇచ్చినవాడిదా, వయసులో పెద్దవాడిదా? రెండు ఆదివారాలు దానికే పోయాయి. చివరికి పోస్టుమాస్టరుగారు అకారాది క్రమంలో వేద్దామన్నారు. అందరూ ఒప్పుకున్నాక, పేరు ‘వ’తో మొదలయ్యే పెద్దమనిషి ఒకాయన మర్నాడు పొద్దున్నే వచ్చి, తనని ఊళ్ళో ఇంటిపేరుతోనే పిలుస్తారని, అది ‘అ’తో మొదలవుతుందని చెప్పాడు. నవ్వకు నాయనా! పేరు మీద మనిషికుండే ఆశ ఇవాళ తగ్గిందేమిటి?

మొదటి సభకి అధ్యక్షుడిగా ఊళ్ళో ఒక మోతుబరిని పిలిచాం. ఆరింటికి సభ అయితే ఆయన ఏడున్నరకి వచ్చారు. అప్పటికి రచయిత సగం మాట్లాడేశారు. రెడ్డొచ్చె మొదలాడు అన్నట్టు మళ్ళీ ప్రార్థన గీతం, మళ్ళీ స్వాగతం, మళ్ళీ దండ. ఆ తర్వాత అధ్యక్షులవారు ముప్పావుగంట మాట్లాడారు. పుస్తకం ముందుమాట దాటి చదవలేదని రెండో నిమిషంలోనే తెలిసిపోయింది. రచయిత మాత్రం చేతులు కట్టుకుని మర్యాదగా విన్నారు. మర్నాడే మండలి ఒక నియమం పెట్టుకుంది. అధ్యక్షులకి పది నిమిషాలు, అది దాటితే కాలేజీ ప్యూను వరండాలో గంట కొడతాడు. ఎంత గొప్పవాడైనా ఆ గంటకి కూర్చోవలసిందే. ఆ ప్యూను ఈ పనిని ఎంత నిష్ఠగా చేశాడంటే, ఒకసారి మా ప్రిన్సిపాలుగారికే కొట్టాడు.

ఇక జనం సంగతి. అది చెప్పడానికే ఇంతసేపూ తిరిగి వచ్చాను. సభలకి జనం వాళ్ళంతట వాళ్ళే వచ్చారనుకుంటున్నావా? కాలేజీ గేటు అంటే ఊళ్ళోవాళ్ళకి జంకు. లోపల అంతా ఇంగ్లీషు మాట్లాడతారని, పంచె కట్టుకుని వెళ్తే బావుండదని. అందుకని మండలివాళ్ళం తలో వీధీ పంచుకుని ఇంటింటికీ వెళ్ళేవాళ్ళం. “బాబాయిగారూ, సాయంత్రం రండి, కుర్చీ వేసి ఉంచుతాను” అని పేరు పెట్టి పిలిచేవాళ్ళం. గుళ్ళోంచి జంపఖానాలు తెచ్చి, తరగతుల్లోంచి బెంచీలు మోసి, చీకటిపడితే పెట్రోమాక్సు లైటు వెలిగించేవాళ్ళం. అందరూ అందలం ఎక్కితే మోసేవాళ్ళెవరు? వేదిక మీద కుర్చీకి పోటీపడ్డవాళ్ళు చాలామంది ఉన్నారు. బెంచీ రెండో కొస పట్టుకున్నవాళ్ళు కొద్దిమందే. ఆ కొద్దిమంది వల్లే సభలు జరిగాయి.

ఆడవాళ్ళని రప్పించడం ఇంకా కష్టం. దీపాలు పెట్టే వేళకి ఇంట్లో ఉండాలి గదా. మా అమ్మని ముందు పిలిచాను, ఆవిడ పక్కింటి పిన్నిగారిని లాక్కొచ్చింది, ఆవిడ ఇంకో ఇద్దరిని. సభ గంట ముందుకి జరిపారు. అయినా మగవాళ్ళ మధ్య లేచి నోరు విప్పడమా? దానికి మాస్టారు ఒక ఉపాయం కనిపెట్టారు. ఖాళీ ఓవల్టిన్ డబ్బా ఒకటి మా వైపు తిప్పేవారు. అడగదలచింది చీటీ మీద రాసి అందులో వెయ్యడమే, పేరు అక్కర్లేదు. ఒక నవలాకారుడు వచ్చిన రోజున వచ్చిన చీటీ నాకింకా గుర్తే: “మీ కథలో కోడలు అంత ఏడుస్తుంది గదా, ఆ రోజు ఇంట్లో వంట ఎవరు చేశారు?” హాలంతా నవ్వింది, ఆయన నవ్వలేదు. కాసేపు ఆలోచించి, వంట సంగతి తనకి తట్టనే లేదని, ఇకనుంచి తన కథల్లో ప్రతి ఇంట్లోనూ పొయ్యి ఎవరు వెలిగిస్తున్నారో చూసుకుంటానని అన్నారు.

ఆ రోజే మా దర్జీగారు కూడా లేచారు. ఆయన చదివింది అయిదో తరగతి. కాలేజీ లెక్చరర్లు శైలి గురించీ శిల్పం గురించీ అడిగాక, ఆయన చేతులు నులుముకుంటూ అన్నారు: “అయ్యా, మీ దర్జీ రాత్రంతా బుడ్డిదీపం ముందు నల్లగుడ్డ కుట్టాడని రాశారు. దీపం వెలుతుర్లో నల్లగుడ్డ మీద నల్లదారం కనపడదండి. ఆ పని మేం పగటికే అట్టేపెట్టుకుంటాం.” నవలాకారుడు జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఆ మాట రాసుకున్నారు. వెళ్ళేటప్పుడు దర్జీగారి చెయ్యి పట్టుకుని, ఊళ్ళో తన నవలని అంత శ్రద్ధగా చదివినవాళ్ళు ఇంకెవరూ లేరన్నారు. తాళం వేసిన బీరువాలో ఉండిపోతే ఆ నవలకి ఆ పాఠకుడు దొరికేవాడా? గేటు బయటే ఆగిపోతే ఆ పాఠకుడికి ఆ రచయిత దొరికేవాడా?

పొరుగింటి పుల్లకూర రుచి అన్న సామెత మా మండలికీ వర్తించింది. ఎక్కడెక్కడివాళ్ళకో కార్డులు రాశాంగానీ, మా ఊళ్ళోనే హరికథలు రాసే ముసలాయన ఉన్నాడని చాన్నాళ్ళు ఎవరికీ తట్టలేదు. ఆయన్ని పిలిచిన రోజున జంపఖానాలు చాలక జనం చెట్ల కింద కూర్చున్నారు.

తర్వాతేమైందంటావా? ఆ రోజుల్లోనే, 1960లో, ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం వచ్చింది. అంతకుముందే కోస్తా వైపు 1948 మద్రాసు చట్టం ఉండేది. ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ పన్ను, జిల్లాకొక గ్రంథాలయ సంస్థ. ఎంత మంచి పని! దాని కోసమే అయ్యంకివారి తరం ఏళ్ళ తరబడి అడిగింది. కానీ పన్ను కడుతున్నాం గదా, ఇక మన పని తీరిందని చాలామంది చేతులు దులుపుకున్నారు. పన్ను గోడలు కడుతుంది, పుస్తకాలు కొంటుంది, జీతాలిస్తుంది. పిన్నిగారిని పేరు పెట్టి పిలిచే పని మాత్రం పన్ను చెయ్యదు. అది మనిషే చెయ్యాలి.

నువ్వు సభకి ఏం చేశావో చెప్పు. పోస్టరు గీసి ఫోనులో అందరికీ పంపావు. అంతేగా? ఎవరింటికైనా వెళ్ళావా? మీ కాలేజీ ఎదురుగా జిరాక్సు షాపు అబ్బాయిని పిలిచావా? కాంటీన్లో దోసెలు పోసే ఆవిడకి కథలిష్టమేమో ఎప్పుడైనా అడిగావా? వచ్చే నెల సభకి వేదిక సంగతి తర్వాత చూద్దువుగాని, ముందు కాలేజీతో ఏ సంబంధమూ లేని అయిదుగురి పేర్లు రాసుకుని, ఒక్కొక్కరి దగ్గరికీ నడిచి వెళ్ళు. ఆ రచయిత పుస్తకం వాళ్ళ చేతికి వారం ముందే అందేలా చూడు. వాళ్ళడిగే ప్రశ్నలకి నీ రచయిత తెల్లబోకపోతే అప్పుడు నన్నడుగు.

లే మరి, భోజనానికి వేళైంది. తిన్నాక కాగితం, కలం పట్టుకురా. ఆ అయిదు పేర్లూ ఇవాళే రాద్దాం.