తొమ్మిదేళ్లకే హాస్టలు

ఆస్ట్రేలియా వాళ్లకు తమదైన ఫుట్‌బాల్ ఒకటుంది. అక్కడి క్లబ్బులు 1986 నుంచి ఏటా వంతులవారీగా కుర్రాళ్లను ఏరుకుంటున్నాయి. పద్ధెనిమిదేళ్లవాడు ఇల్లొదిలి పరాయి ఊరు పోతే, దిగులుపడకుండా ఉండాలని కొందరిని అక్కడి ఇళ్లల్లోనే పెడతారట.

మనవాళ్లు పద్ధెనిమిది నిండేదాకా ఆగరు లెండి! శామీర్‌పేట దగ్గర హకీంపేటలో 1993లో పెట్టిన క్రీడాపాఠశాలకు నాలుగో తరగతికే పిల్లల్ని ఎంచుతారు. ఎత్తూ బరువూ చూస్తారు. పరుగెత్తిస్తారు, దూకిస్తారు, బరువైన బంతి విసిరిస్తారు. నెగ్గితే చదువూ, ఆటా, తిండీ, నిద్రా అన్నీ అక్కడే. అప్పటిదాకా అమ్మ అన్నం కలిపిపెడితే తిన్న పిల్లవాడు ఇక తన కంచం తానే కడుక్కోవాలి.

అక్కడ సాధన చేసినవాళ్లలో రాగాల వెంకట రాహుల్ ఒకడు. ఊరు బాపట్ల దగ్గరి స్టువర్టుపురం. ఎరుకలవారిని 'నేరస్థ జాతి' అని ముద్రవేసి, తెల్లదొరల కాలంలో 1913లో పెట్టిన సెటిల్‌మెంటు అది. ఆ చట్టం 1952లో పోయింది కానీ, ఊరి పేరు చెబితే ఎగాదిగా చూడడం అంత తొందరగా పోలేదు. 2018లో అదే ఆస్ట్రేలియాలో, గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో, రాహుల్ 85 కిలోల విభాగంలో మొత్తం 338 కిలోలెత్తి బంగారు పతకం తెచ్చాడు. ఊరి పేరు ఈసారి క్రీడావార్తల్లో పడింది.

పతకాల లెక్క సరే. పతకం రాని పిల్లలే ఎప్పుడూ ఎక్కువ. వాళ్లకు చదువు అబ్బిందా, ఆ హాస్టలు ఇల్లనిపించిందా అన్నది కూడా ఆ బడి చరిత్రలో రాయాల్సిందే కదా!