మూడో పక్షానికి పడే ఓటు: బోయిన్‌పల్లి, తెలుగు ప్రాంతాలు

సికింద్రాబాద్ కంటోన్మెంట్‌ను ఆనుకుని ఉన్న బోయిన్‌పల్లి 2008 నాటి నియోజకవర్గాల పునర్విభజన తర్వాత రెండు అసెంబ్లీ స్థానాల్లో ఉంది. పాత బోయిన్‌పల్లి కొత్తగా ఏర్పడిన కూకట్‌పల్లి అసెంబ్లీ నియోజకవర్గంలో చేరింది, న్యూ బోయిన్‌పల్లి కంటోన్మెంట్‌లో ఉండిపోయింది. లోక్‌సభకు మాత్రం రెండూ మల్కాజిగిరి కిందే. 2009లో కూకట్‌పల్లి నుంచి లోక్‌సత్తా అధ్యక్షుడు, మాజీ ఐఏఎస్ అధికారి జయప్రకాశ్ నారాయణ గెలిచారు. ఎస్సీలకు రిజర్వయిన కంటోన్మెంట్‌లో కాంగ్రెస్ అభ్యర్థి పి. శంకరరావు గెలిచారు. దాంతో ఒకే పేరున్న ఊళ్లో ఒక పక్కవారికి ఈల గుర్తు ఎమ్మెల్యే, మరో పక్కవారికి చేతి గుర్తు ఎమ్మెల్యే.

సికింద్రాబాద్‌కు మూడో పక్షం కొత్తేమీ కాదు. 1969 ప్రత్యేక తెలంగాణ ఉద్యమం తర్వాత మర్రి చెన్నారెడ్డి నాయకత్వంలో తెలంగాణ ప్రజా సమితి 1971 లోక్‌సభ ఎన్నికల్లో తెలంగాణలోని 14 స్థానాల్లో పది గెలిచింది. సికింద్రాబాద్‌లో నెగ్గిన ఎం.ఎం. హషీం ఆ పార్టీవారే. అదే ఏడాది పార్టీ కాంగ్రెస్‌లో కలిసిపోయింది.

ఓటు ఎంత వచ్చిందన్నదానికన్నా ఎక్కడ వచ్చిందన్నదే ముఖ్యమని 2009 ఫలితాలు చెబుతాయి. చిరంజీవి ప్రజారాజ్యానికి సుమారు 16 శాతం ఓట్లు పడినా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 294 అసెంబ్లీ సీట్లలో 18 మాత్రమే దక్కాయి. అవీ ఎక్కువగా కోస్తాలోనే. తెలంగాణలో గెలిచినవి నిర్మల్, బాల్కొండ మాత్రమే. చిరంజీవి తిరుపతిలో నెగ్గి, సొంత జిల్లాలోని పాలకొల్లులో ఓడిపోయారు. మజ్లిస్‌కు రాష్ట్రం మొత్తమ్మీద ఒక శాతం లోపే ఓట్లు. అయినా అవన్నీ పాతబస్తీ చుట్టూ కుప్పగా పడడంతో ఏడు సీట్లు వచ్చాయి. లోక్‌సత్తాకు రెండు శాతం కూడా రాలేదు, గెలిచింది కూకట్‌పల్లి ఒక్కటే. చదువుకున్న ఉద్యోగులు, కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు ఎక్కువగా ఉన్న చోటది.

అమెరికా అధ్యక్ష ఎన్నికల్లోనూ ఇదే లెక్క నడిచింది. 1968లో మూడో పక్షం తరఫున నిలబడ్డ జార్జ్ వాలెస్‌కు 13.5 శాతం ఓట్లే వచ్చినా, దక్షిణాదిలోని ఐదు రాష్ట్రాలు ఆయన పక్షాన నిలవడంతో వాటి 45 ఎలక్టోరల్ ఓట్లు దక్కాయి. 1992లో రాస్ పెరోకు దాదాపు 19 శాతం పడ్డాయి. మెయిన్ రాష్ట్రంలో 30 శాతం వరకూ వెళ్లాయి. ఎలక్టోరల్ ఓటు మాత్రం ఒక్కటీ రాలేదు.

ప్రజారాజ్యం 2011లో కాంగ్రెస్‌లో విలీనమైంది. 2014లో మల్కాజిగిరి లోక్‌సభ స్థానానికి నిలబడ్డ జయప్రకాశ్ నారాయణ ఓడిపోయారు. 2023లో బీజేపీ పొత్తుతో జనసేన తెలంగాణలో కూకట్‌పల్లితో సహా ఎనిమిది చోట్ల పోటీ చేసి ఒక్కటీ గెలవలేదు. సుమారు ఆరు నెలలకే ఆంధ్రప్రదేశ్‌లో టీడీపీ, బీజేపీ పొత్తుతో నిలబడ్డ 21 అసెంబ్లీ స్థానాలనూ గెలుచుకుంది.