బ్రైటన్ పెవిలియన్: సిపాయిల వైద్యం, సామ్రాజ్యం లెక్క

1914 డిసెంబరులో ఇంగ్లండు దక్షిణ తీరంలోని బ్రైటన్‌లో రాయల్ పెవిలియన్‌ను మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడిన భారతీయ సిపాయిల ఆసుపత్రిగా మార్చారు. గుమ్మటాలూ మినార్లతో మొగలాయి కట్టడంలా కనిపించే భవనం అది. చక్రవర్తి తన రాజమందిరాన్నే సిపాయిలకు ఇచ్చేశాడని ప్రచారం మొదలైంది. నిజానికి విక్టోరియా రాణి దాన్ని 1850లోనే పట్టణానికి అమ్మేసింది. అయినా ఆ కథ ఎంతో పనికొచ్చింది. 1915లో బ్రైటన్ పురపాలక సంఘం ఇంగ్లీషు, ఉర్దూ, గురుముఖిలలో ఒక పుస్తకం అచ్చువేసింది. మంచాల వరసల ఫొటోలు పోస్టుకార్డులయ్యాయి. ఆ ఆగస్టులో అయిదో జార్జి స్వయంగా వచ్చి, ఈప్ర యుద్ధరంగంలో విషవాయువు బారిన పడ్డ జమాదార్ మీర్ దస్త్‌కు విక్టోరియా క్రాస్ తగిలించాడు. అతని సోదరుడు మీర్ మస్త్ అదే ఏడాది మార్చిలో జర్మన్ల వైపు వెళ్లిపోయిన సంగతి మాత్రం ఏ పోస్టుకార్డు మీదికీ ఎక్కలేదు.

ఇదంతా నటనేనంటే అన్యాయం. వైద్యం నిజంగానే శ్రద్ధగా జరిగింది. మతాన్నీ కులాన్నీ బట్టి తొమ్మిది వంటశాలలు పెట్టారు. హిందువులకూ ముస్లింలకూ వేర్వేరు నీటి కుళాయిలు, సిక్కులకు ప్రార్థన గుడారం ఏర్పాటు చేశారు. చనిపోయిన హిందువులనూ సిక్కులనూ పట్టణం బయటి కొండల మీద దహనం చేసి, ముస్లింలను వోకింగ్ మసీదు దగ్గర ఖననం చేశారు. దహన స్థలంలో తర్వాత కట్టిన ఛత్రిని 1921లో ఆవిష్కరించారు. ఈ పట్టింపులు సిపాయిలవే, దొరలు మన్నించారంతే అనవచ్చు. అది కొంతవరకు నిజం. కాని ఆ మన్నింపు వెనక 1857 తిరుగుబాటు భయం ఉంది. తూటాల కొవ్వు పుకారు ఎంత పని చేసిందో ఆ సైన్యం మరచిపోలేదు. సిపాయి మతం చెడిందన్న కబురు పంజాబుకు చేరితే కొత్త సిపాయిలు దొరకరు.

అదే భయం కంచె కూడా వేసింది. పట్టణంలోని పాత వర్క్‌హౌస్‌లో (నిరుపేదల ఆశ్రయంలో) పెట్టిన కిచెనర్ ఆసుపత్రికి ముళ్లతీగ చుట్టి కాపలా పెట్టారు. సిపాయిలు పట్టణంలోకి ఒంటరిగా వెళ్లకూడదు. తెల్ల నర్సులు వాళ్లకు సేవ చేస్తే పరువు పోతుందని 1915లో వారిని తప్పించారు. ఉత్తరాలు సెన్సారు చూశాకే కదిలేవి. యుద్ధకాలంలో సెన్సారు అందరికీ ఉండేదన్న మాట సరైనదే. అయితే గోడ దాటడం నేరమవడానికి, ఆడవాళ్లను దూరం పెట్టడానికి యుద్ధం కారణం కాదు, జాతి భేదమే కారణం. గాయం మానినవాణ్ణి మళ్లీ కందకానికి పంపుతున్నారన్న గోడు సెన్సారు చూసిన ఉత్తరాల్లో తరచూ కనిపిస్తుంది. మర్యాదలన్నీ ఆసుపత్రి గడప వరకే.

ఈ శ్రద్ధ వెనక ఉన్నది సామ్రాజ్యం లెక్కేనన్న వాదనకు గట్టి సాక్ష్యం బ్రైటన్‌లో కాదు, బాస్రాలో దొరుకుతుంది. 1915 చివర్లో భారతీయ పదాతి దళాలను ఫ్రాన్సు నుంచి మెసొపొటేమియాకు తరలించారు. బ్రైటన్‌లోని భారతీయ ఆసుపత్రులు 1916 మొదట్లో మూతపడ్డాయి. ఆలోపే, 1915 నవంబరులో టెసిఫాన్ పోరు తర్వాత, గాయపడినవాళ్లను పడవల్లో కిక్కిరిసేలా పడేసి, కట్లు మార్చేవారు లేకుండా, మలమూత్రాల్లోనే టైగ్రిస్ నది మీదుగా బాస్రాకు చేర్చారు. అక్కడి బాధ్యత లండన్‌ది కాదు, భారత ప్రభుత్వానిది, పడవలు చాల్లేదు, తెల్ల సైనికులూ అలాగే బాధపడ్డారు. ఈ సంజాయిషీలన్నీ వాస్తవమే. కాని సిపాయి అక్కరే లక్ష్యమైతే, బ్రైటన్‌లో అన్ని హంగులు సమకూర్చిన సామ్రాజ్యం, పత్రికలవాళ్లూ రాజులూ రాని నదీతీరంలో అదే సిపాయికి ఆసుపత్రి పడవలైనా సిద్ధం చేయకపోవడం ఎలా అర్థం చేసుకోవాలి? అలాంటి ఒక పడవ బాస్రా రేవుకు వచ్చినప్పుడు తాను చూసింది రాసిపెట్టిన మేజర్ కార్టర్ అనే వైద్యాధికారిని అరెస్టు చేస్తామని పై అధికారులు బెదిరించారు. 1917లో విచారణ సంఘం నివేదిక బయటపడ్డాకే ఆ సంగతులు లోకానికి తెలిశాయి. భారత వ్యవహారాల మంత్రి ఆస్టెన్ చాంబర్లిన్ జూలైలో రాజీనామా చేశాడు.