తొలి టాకీలలో మ్యూజిక్ హాల్ హాస్యగీతాలు

మ్యూజిక్ హాల్ హాస్యగీతాలు 19వ శతాబ్దపు ఉత్తరార్ధంలోను, 20వ శతాబ్దపు తొలి దశాబ్దాలలోను బ్రిటన్‌లో విశేష ప్రజాదరణ పొందిన రంగస్థల గీతాలు. మద్యం, ఆహారం అమ్మే వినోదశాలలలో శ్రామికులు, చిరువ్యాపారులు, గుమాస్తాలు ఈ పాటలను వినడమే కాక గాయకునితో కలిసి పాడేవారు. ఈ కళ క్షీణిస్తున్న కాలంలోనే చలనచిత్రానికి మాట వచ్చింది. ఆ కారణంగా కొందరు వృద్ధ కళాకారుల గానం, అభినయం 1920ల, 1930ల శబ్దచిత్రాలలో నిలిచిపోయాయి. నేడు మ్యూజిక్ హాల్‌ను కంటితో చూస్తూ చెవితో వినగలిగే ముఖ్య ఆధారాలు ఈ చిత్రాలే.

నేపథ్యం

లండన్‌లోని లాంబెత్ ప్రాంతంలో చార్లెస్ మోర్టన్ 1852లో ప్రారంభించిన కాంటర్బరీ హాలును తొలి మ్యూజిక్ హాళ్ళలో ప్రధానమైనదిగా చెబుతారు. తరువాత ఈ శాలలు దేశమంతటా వ్యాపించాయి. మేరీ లాయిడ్, డాన్ లెనో, లిటిల్ టిచ్, హ్యారీ లాడర్, వెస్టా టిల్లీ, జార్జ్ రోబీ వంటివారు ఈ వేదికలపై పేరు గడించారు. ప్రపంచ ప్రసిద్ధుడైన చార్లీ చాప్లిన్ కూడ ఈ సంప్రదాయంలోనే పెరిగాడు. అతని తల్లి హన్నా మ్యూజిక్ హాల్ గాయని. చాప్లిన్ ఫ్రెడ్ కార్నో బృందంలో పనిచేసి, ఆ బృందంతో అమెరికా వెళ్ళి చిత్రసీమలో ప్రవేశించాడు.

ఈ పాటలలో సాధారణంగా రెండు మూడు చరణాలు, సులభంగా నోటికి వచ్చే పల్లవి ఉంటాయి. చరణంలో గాయకుడు ఒక పాత్రగా మారి కథ చెబుతాడు. పల్లవి వచ్చేసరికి సభ అంతా గొంతు కలుపుతుంది. చరణాల నడుమ కొన్నిసార్లు వచనంలో ఛలోక్తులు వస్తాయి. ఇరుకు ఇళ్ళు, అద్దె బాకీలు, గయ్యాళి భార్యలు, తాగుబోతు భర్తలు, అత్తగారు, పెళ్ళి కాని వారి దిగులు వీటికి ముఖ్యవస్తువులు.

శబ్దచిత్రాలకు పూర్వపు ప్రయత్నాలు

1900లో పారిస్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో ఫోనో-సినిమా-థియేటర్ అనే ప్రదర్శనశాల ఏర్పాటైంది. లిటిల్ టిచ్ తన పొడవాటి బూట్లతో చేసే నృత్యాన్ని ఈ సందర్భంలోనే చిత్రీకరించారు. ఆ చిత్రం ఇప్పటికీ లభిస్తోంది.

ఫ్రాన్సుకు చెందిన లియోన్ గోమాన్ 1902లో క్రోనోఫోన్ అనే యంత్రాన్ని ప్రదర్శించాడు. ఇందులో గ్రామఫోన్ రికార్డును, ప్రొజెక్టరును ఒకే వేగంతో నడిపించేవారు. కళాకారుడు ముందుగా పాటను రికార్డు చేసి, పిమ్మట ఆ రికార్డుకు అనుగుణంగా పెదవులు కదుపుతూ కెమెరా ముందు నటించేవాడు. నేపథ్యగానానికి అలవాటుపడిన భారతీయ ప్రేక్షకులకు ఈ పద్ధతి కొత్తగా అనిపించదు. అయితే ఇక్కడ గొంతు, ముఖం రెండూ ఒకరివే. 1907లో హ్యారీ లాడర్ పాటలు కొన్ని ఈ పద్ధతిలో చిత్రించబడ్డాయి. రికార్డు, చిత్రం వేర్వేరు వస్తువులు కావడం వలన ఒకటి దొరికి మరొకటి నశించిన సందర్భాలు ఉన్నాయి. ప్రదర్శన సమయంలో రెండింటి వేగం తప్పితే మాట ఒకచోట, పెదవి మరొకచోట ఉండేవి. పెద్ద హాలులో అందరికీ వినబడేంత ధ్వని రాబట్టడం కూడ కష్టమయ్యేది.

ఫిలిం మీద ధ్వని

అమెరికాకు చెందిన లీ డి ఫారెస్ట్ ధ్వనిని కాంతి రూపంలో ఫిలిం అంచునే ముద్రించే ఫోనోఫిలిం పద్ధతిని రూపొందించి, 1923 ఏప్రిల్ 15న న్యూయార్కులోని రివోలి థియేటరులో ప్రజలకు ప్రదర్శించాడు. మైక్రోఫోను గ్రహించిన ధ్వని విద్యుత్ సంకేతంగా మారి ఒక దీపపు వెలుగును హెచ్చుతగ్గులకు లోనుచేస్తుంది. ఆ వెలుగు ఫిలింపై సన్నని పట్టీగా నమోదవుతుంది. ప్రదర్శనలో మరో దీపపు కాంతి ఆ పట్టీ గుండా ప్రసరించి కాంతి విద్యుత్ ఘటాన్ని చేరి తిరిగి ధ్వనిగా మారుతుంది. చిత్రం, ధ్వని ఒకే ఫిలింపై ఉండటంతో అవి విడిపోయే ఇబ్బంది తొలగింది.

బ్రిటన్‌లో ఈ పద్ధతితో 1926 నుండి లండన్‌లోని క్లాఫమ్‌లో లఘుచిత్రాలు తీశారు. హాస్యగాయకుడు బిల్లీ మెర్సన్ వీటిలో నటించినవారిలో ఒకడు. 1930లో ప్రారంభమైన పాథెటోన్ వీక్లీ అనే వారపు చిత్రసంచిక వినోద కార్యక్రమాలను చిత్రించి సినిమా హాళ్ళకు పంపేది. పాతతరం గాయకుల పాటలు ఎన్నో ఈ విధంగా పాథే సంస్థ ఫిలిములలో భద్రమయ్యాయి.

ముఖ్యమైన చిత్రాలు, కళాకారులు

గస్ ఎలెన్ (1862–1940): లండన్ వీధులలో బండిపై కూరగాయలు అమ్ముకునే కాక్నీ వర్తకుని వేషానికి ప్రసిద్ధుడు. రంగస్థలం నుండి విరమించిన చాలా ఏళ్ళకు, సుమారు డెబ్బై ఏళ్ళ వయసులో పాథే సంస్థ కెమెరా ముందు తన పాత పాటలు పాడాడు. వాటిలో "ఇట్స్ ఎ గ్రేట్ బిగ్ షేమ్" ఒకటి. భారీకాయుడైన స్నేహితుడు పొట్టి భార్యకు లొంగిపోయి ఇంటిపని చేస్తున్నాడని వాపోవడం దీని ఇతివృత్తం. ఎలెన్ నవ్వడు. ముఖం మాడ్చుకుని, నిజంగా అన్యాయం జరిగినట్లు ఫిర్యాదు చేస్తాడు. హాస్యమంతా ఆ గాంభీర్యంలోనే ఉంది.

లిలీ మోరిస్ (1882–1952): 1930లో విడుదలైన "ఎల్‌స్ట్రీ కాలింగ్" చిత్రంలో రెండు పాటలు పాడింది. "వై యామ్ ఐ ఆల్వేస్ ది బ్రైడ్స్‌మెయిడ్" అనే పాట ఎన్ని పెళ్ళిళ్ళకు వెళ్ళినా తోడిపెళ్ళికూతురుగానే మిగిలిపోయే స్త్రీ గోడు. రెండవ పాట "ఓన్లీ ఎ వర్కింగ్ మ్యాన్". ఏడ్రియన్ బ్రూనెల్ దర్శకత్వం వహించిన ఈ చిత్రంలో కొన్ని భాగాలను ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ తీశాడు. స్కాటిష్ హాస్యగాయకుడు విల్ ఫైఫ్ కూడ ఇందులో కనిపిస్తాడు. ఈ వినోద కార్యక్రమమంతా టెలివిజన్‌లో ప్రసారమవుతున్నట్లు కల్పించడం విశేషం.

చార్లెస్ కోబర్న్ (1852–1945): కాంటర్బరీ హాలు ప్రారంభమైన సంవత్సరంలోనే జన్మించాడు. "ది మ్యాన్ హూ బ్రోక్ ది బ్యాంక్ ఎట్ మాంటే కార్లో" పాటతో ఖ్యాతి పొందాడు. 1934లో జాన్ బాక్స్‌టర్ తీసిన "సే ఇట్ విత్ ఫ్లవర్స్" చిత్రంలోను, 1943లో తొంభై ఏళ్ళ వయసులో "వెరైటీ జూబిలీ"లోను కనిపించాడు.

ఫ్లోరీ ఫోర్డ్ (1875–1940): ఆస్ట్రేలియాలో జన్మించిన గాయని. సభచేత పల్లవి పాడించడంలో దిట్ట. ఈమె కూడ "సే ఇట్ విత్ ఫ్లవర్స్"లో కనిపిస్తుంది. జబ్బుపడిన పూలమ్మే స్త్రీ సహాయార్థం బజారు వర్తకులు పాత తారలను పిలిచి కచేరీ ఏర్పాటు చేయడం ఈ చిత్ర కథ.

ఎల్లా షీల్డ్స్ (1879–1952): పురుషవేషంలో పాడేది. దమ్మిడీ లేకున్నా దర్జాకు లోటు రానివ్వని నిరుపేదను చిత్రించే "బర్లింగ్టన్ బెర్టీ ఫ్రమ్ బో" ఈమె ప్రసిద్ధ గీతం. "వెరైటీ జూబిలీ"లో ఈమె కూడ ఉంది.

హాస్యం స్వరూపం

సాహిత్యం మాత్రమే చదివితే ఈ పాటలు చప్పగా కనబడవచ్చు. మాటకు, అభినయానికి గల తేడాలోనే నవ్వు పుడుతుంది. నిర్దోషమైన వాక్యాన్ని ఒక కనుసైగతో కొంటె మాటగా మార్చడంలో మేరీ లాయిడ్ ప్రసిద్ధురాలు. కాగితంపై తప్పు పట్టడానికి ఏమీ ఉండదు కనుక ఇది అధికారుల అభ్యంతరాలనుండి తప్పించుకునే ఉపాయం కూడ అయింది. తాళానికి కాస్త వెనుకగా మాట విడవడం, పల్లవికి ముందు క్షణం ఆగడం, టోపీని, గొడుగును ఆటవస్తువులుగా వాడటం వంటి మెళకువలు గ్రామఫోన్ రికార్డులో సగమే తెలుస్తాయి. శబ్దచిత్రాలలో పూర్తిగా కనిపిస్తాయి.

కాక్నీ యాస, ఆనాటి నాణేల పేర్లు, ఊళ్ళ పేర్లు నేటి శ్రోతకు తొలిసారి అడ్డు కావచ్చు. కథాంశం ముందుగా తెలుసుకుని రెండవసారి చూస్తే యాసలోని చమత్కారం అందుతుంది. నల్లరంగు పూసుకుని నల్లజాతివారిని వెక్కిరించే ప్రదర్శనలు, స్త్రీలను చులకన చేసే పాటలు కూడ ఈ సంప్రదాయంలో భాగమే. వాటిని ఆ కాలపు దురభిప్రాయాలకు సాక్ష్యంగా చూడవలసి ఉంటుంది.

పరిమితులు

డాన్ లెనో 1904లోను, మేరీ లాయిడ్ 1922లోను మరణించారు. వీరి గొంతులు రికార్డులలో ఉన్నాయి గాని, పాడుతుండగా చూసే శబ్దచిత్రాలు లేవు. మిగిలినవారిలో కూడ చాలామంది ముసలితనంలోనే చిత్రించబడ్డారు. స్టూడియోలో తీసిన చిత్రాలలో పల్లవికి గొంతు కలిపే జనం లేరు. ఇది చిన్న లోటు కాదు. మేరీ లాయిడ్ మరణానంతరం కవి టి.ఎస్. ఎలియట్ రాసిన వ్యాసంలో, మ్యూజిక్ హాలులో పల్లవి అందుకునే శ్రామికుడు తానూ కళలో పాలుపంచుకుంటాడని, సినిమా అతనిని నిశ్చేష్టుడైన ప్రేక్షకునిగా మారుస్తుందని ఆవేదన వ్యక్తం చేశాడు. ఆ కళకు పోటీగా వచ్చిన సినిమాయే దాని ఆనవాళ్ళను కాపాడటం గమనార్హం.

పరిరక్షణ

1950ల తొలినాళ్ళ వరకు వాడుకలో ఉన్న నైట్రేట్ ఫిలిం సులభంగా అంటుకుంటుంది, కాలక్రమంలో జిగురుగా మారి పొడి అయిపోతుంది. అందువలన ఇలాంటి చిత్రాలను చల్లని గదులలో భద్రపరచి, కొత్త ఫిలింపైకి, డిజిటల్ రూపంలోకి మార్చవలసి వచ్చింది. 1935లో నేషనల్ ఫిలిం లైబ్రరీగా మొదలైన బ్రిటిష్ ఫిలిం ఇన్‌స్టిట్యూట్ భాండాగారం ఈ కృషిలో ముఖ్యమైనది. బ్రిటిష్ పాథే సంస్థ 2014లో సుమారు 85,000 చిత్రాలను యూట్యూబ్‌లో ఉంచింది. దీనితో పరిశోధకులకే పరిమితమైన పాటలు సాధారణ ప్రజలకు చేరువయ్యాయి.

ప్రభావం

చాప్లిన్ 1936లో "మోడరన్ టైమ్స్"లో అర్థంలేని మాటలతో పాడిన పాట ద్వారా తన గొంతును తొలిసారి వెండితెరపై వినిపించాడు. మాటలకు అర్థం లేకున్నా సైగలతోనే కథ బోధపడే ఆ ఘట్టంలో మ్యూజిక్ హాల్ శిక్షణ స్పష్టంగా కనిపిస్తుంది. 1952లో "లైమ్‌లైట్"లో అతడు 1914 నాటి లండన్ వేదికను పునఃసృష్టించాడు. బీబీసీ 1953 నుండి 1983 వరకు లీడ్స్ నగరంలోని సిటీ వెరైటీస్ శాల నుండి "ది గుడ్ ఓల్డ్ డేస్" కార్యక్రమాన్ని ప్రసారం చేసింది. అందులో ప్రేక్షకులు పాతకాలపు దుస్తులు ధరించి వచ్చి పల్లవులు పాడేవారు.